ఏ కంటితో వేసిన తీగ

కంటి మీది పట్టీ తీసేసిన రోజు నీలమ్మ మొట్టమొదట చూసింది మొగుడి ముఖాన్ని. చూసి హడలిపోయింది.

"యేసయ్యా! గిదేందయ్యా, నువ్వు గింత ముసలోడివి ఎప్పుడైనవ్?"

బాబురావు రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా పనిచేసి రిటైరై తొమ్మిదేళ్లయింది. ఆ తొమ్మిదేళ్లూ ఆయన ఆమె కళ్లెదుటే ముసలివాడయ్యాడు. కాకపోతే ఆ రెండు కళ్లలోనూ శుక్లాలున్నాయి.

"నువ్వు సూడనప్పుడు అయినట్టున్న," అని ఆయన చాయ్ గ్లాసు చేతికిచ్చాడు.

తర్వాత ఆమె గోడను చూసి ఉలిక్కిపడింది, గోడ మీది బల్లిని చూసి ఉలిక్కిపడింది, తాను రోజూ తోమి తళతళలాడుతున్నాయని మురిసిపోయే గిన్నెల అడుగులను చూసి నోరు వెళ్లబెట్టింది. పక్కనే కూర్చున్న మనవరాలు వీణకు పండగలా ఉంది.

"నానమ్మా, అద్దం మాత్రం రేపు చూడు. అన్నీ ఒక్కనాడే అయితే గుండె తట్టుకోదు."

"నోరు ముయ్యే పోరీ! పరీక్ష రెండుసార్లు తప్పినా నీ నాలుకకు మాత్రం ఫస్టు క్లాసు."

ఆపరేషన్ అయింది ఎడమ కంటికే. కుడి కంటికి నెలరోజులు ఆగాలన్నారు డాక్టరమ్మ. పొగ దగ్గరికి పోవద్దు, తల వంచొద్దు, సూది పని ముట్టనే ముట్టొద్దు అని కూడా అన్నారు. నీలమ్మ అన్నింటికీ బుద్ధిగా తల ఊపింది. ఆ తల ఊపడాన్ని నమ్మింది డాక్టరమ్మ ఒక్కతే.

మూడో రోజు పొద్దున, బాబురావు పాలకు వెళ్లగానే, ఆమె మంచం కిందున్న రేకు గొట్టాన్ని లాగి, అందులోంచి చుట్టిన కాగితం ఒకటి తీసింది. కిటికీ వెలుగుకు పట్టి చూసింది.

అంతే. కేక పెట్టలేదు, యేసయ్యను పిలవలేదు. మంచం మీద అట్లాగే కూలబడింది.

దబీర్‌పురాలో, స్టేషన్‌కు ఇవతల సందులో, నీలమ్మ అంటే ఖాకాల నీలమ్మ. ఆమె ఒక్క కుట్టు కూడా కుట్టదు. మగ్గం మీద జరీ పని చేసేవాళ్లకు బొమ్మ తయారుచేసి ఇస్తుంది. పల్చటి ట్రేసింగ్ కాగితం మీద తీగలు, ఆకులు, మామిడి పిందెలు, నెమళ్లు గీసి, ఆ గీతల వెంట సన్నసూదితో వందల కొద్దీ తూట్లు పొడుస్తుంది. ఆ తూట్ల కాగితమే ఖాకా. కార్ఖానాలో దాన్ని బట్ట మీద పరిచి, కిరోసిన్‌లో కలిపిన తెల్లపొడిని గుడ్డతో రుద్దితే, తూట్లలోంచి దిగి బట్ట మీద చుక్కల తీగ మొలుస్తుంది. పనివాళ్లు ఆ చుక్కల వెంట కుడతారు. బ్లౌజు ఒక చేతికి కాగితం ఇటువైపు వేస్తారు, రెండో చేతికి అదే కాగితాన్ని బోర్లా తిప్పి వేస్తారు. అప్పుడు బ్లౌజు రెండు చేతులూ అద్దంలో చూసుకున్నట్టు కుదురుతాయి. అందుకే ఆ పనిలో గట్టి కట్టుబాటు ఒకటుంది: ఒక బ్లౌజు మొదలయ్యాక ఖాకా మార్చకూడదు.

ఆ కట్టుబాటును నలభై ఏళ్లుగా పాటించిన మనిషి నీలమ్మ.

ఆమె తీగలన్నింటిలోకీ పేరున్నది తిప్పతీగ. కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో స్టేషన్ వెనక గోడ మీద పాకుతున్న తిప్పతీగను చూసి, దాని ఆకును కాగితం మీదికి దించింది. తర్వాత ఆ గోడ వైపు తిరిగి చూసిన పాపాన పోలేదు. చేతికి వచ్చేసింది కదా, ఇంక చూడటమెందుకు? కార్ఖానాలలో దానికి నీలమ్మ బేల్, అంటే నీలమ్మ తీగ, అని పేరు పడింది. ఈ మూడేళ్లలో అయితే దానికి మస్తు గిరాకీ పెరిగింది. "అక్కా, మీ చెయ్యి ఈ మధ్య ఇంకా తిరిగింది," అని కార్ఖానా యజమాని యాకూబ్ భాయ్ అన్నప్పుడల్లా నీలమ్మ కొంగు సర్దుకుని మురిసిపోయేది.

ఇప్పుడు కొత్త కంటికి కనిపించింది ఏమిటంటే, ఆ తీగ తాగి నడుస్తున్నట్టుంది. ఒక ఆకు బొద్దుగా, పక్కది బక్కగా ఉంది. ఒకదాని కొస కిందికి వాలిపోయింది. ఇంకొకదాని అంచు దగ్గర తూట్లు దారి తప్పి లోపలికి వచ్చాయి, మేక కొరికినట్టు. కాడ ఒకచోట తెగి, వేలెడు దూరంలో మళ్లీ మొదలైంది.

నీలమ్మ ఎడమ కన్ను మూసి, ఇంకా శుక్లమున్న కుడి కంటితో చూసింది. తీగ ముద్దుగా ఉంది. కుడి కన్ను మూసి ఎడమ కంటితో చూసింది. ఘోరంగా ఉంది. మళ్లీ మార్చింది. ముద్దు. ఘోరం. ముద్దు. ఘోరం.

"ఏంది నానమ్మా, ఎవరికి కన్ను కొడుతున్నవ్?" అంది వీణ గుమ్మంలోంచి.

"ఇది నేను వేసిందేనా బిడ్డా?" నీలమ్మ కాగితాన్ని మనవరాలి ముందుకు చాచింది. "మూడేండ్ల సంది నేను గిట్లనే వేస్తున్ననా?"

కంటిచూపు తగ్గిన సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. వేలి కొసతో తడుముకుంటూ, అలవాటు మీద పొడిచేది. కార్ఖానాలో తెలిస్తే పని కంప్యూటర్ మీద బొమ్మలు తీసే దుకాణానికి పోతుందని భయం. ఆపరేషన్‌కు వెళ్తూ కూడా, మలక్‌పేటలో ఆడబిడ్డకు ఒంట్లో బాగాలేదని యాకూబ్ భాయ్‌కి అబద్ధం చెప్పింది. ఒంట్లో సలక్షణంగా ఉన్న ఆ ఆడబిడ్డ మర్నాడు కార్ఖానా ముందు నుంచే కూరగాయల సంచితో నడిచిపోయింది, అది వేరే సంగతి.

అసలు భయం ఇప్పుడు పట్టుకుంది. బేగంబజార్‌లో గిన్నెల వ్యాపారం చేసే వైకుంఠం గారి కూతురి పెళ్లి బ్లౌజు కోసం, ఆపరేషన్‌కు వారం ముందు ఇచ్చిన ఖాకా ఇదే. ఆమె ఎప్పుడూ రెండు కాగితాలు కలిపి పొడుస్తుంది: ఒకటి ఇంట్లో, ఒకటి కార్ఖానాలో. వైకుంఠం భార్య విమలాదేవి ఎట్లాంటి మనిషంటే, గిన్నె కొనడానికి వచ్చినవాళ్లకంటే ముందు తానే గిన్నె బోర్లించి అడుగు తట్టి చూస్తుంది. ఆమె ఈ ఆకులు చూస్తే?

"వీణా, ఉరికి యాకూబ్ భాయ్ కార్ఖానాకు పో. షాదీ బ్లౌజు మొదలుపెట్టిండ్రా లేదా చూసి రా. అడగొద్దు, ఊకె చూడు."

వీణ వెళ్లి, గుమ్మంలోంచి తొంగి చూసి, దారిలో ఒక మిర్చి బజ్జీ తిని వచ్చింది.

"మొదలే పెట్టలే నానమ్మా. ఎర్రబట్ట మగ్గానికి కట్టి ఉన్నది. ఒక్క చుక్క లేదు."

నీలమ్మకు ప్రాణం లేచి వచ్చింది. డాక్టరమ్మ మాటలన్నీ గాలికి వదిలి, రెండు రోజులు కూర్చుని కొత్త ఖాకా పొడిచింది. ఆకులన్నీ ఒకే కొలత రావాలని మందు సీసా మూత పెట్టి గీసింది, కాడకు వీణ స్కేలు పెట్టింది. ఒక్క తూటు అటూ ఇటూ పోలేదు. పాతది చిరిగిందని చెప్పి కొత్తది ఇచ్చి రమ్మంది. యాకూబ్ భాయ్ ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతూ, చూడకుండానే తీసుకుని పాతది వీణ చేతిలో పెట్టాడు. నీలమ్మ పాత కాగితాలు రెండింటినీ పొయ్యి మీద పట్టింది. కార్ఖానా నుంచి వచ్చింది కిరోసిన్ తాగిన కాగితం కదా, భగ్గున లేచి క్షణంలో బూడిదైంది. మూడేళ్ల సిగ్గు కాలిపోయినట్టు ఆమె హాయిగా ఊపిరి పీల్చుకుంది.

ఆ హాయి వారం నడిచింది.

మంగళవారం పొద్దున యాకూబ్ భాయ్ స్వయంగా ఇంటికి వచ్చాడు. చేతిలో గుడ్డమూట. కూర్చోమన్నా కూర్చోలేదు. మూట విప్పి రెండు ఎర్రటి చేతులు, అంటే బ్లౌజు చేతులే, మంచం మీద పక్కపక్కన పరిచాడు.

"అక్కా, దేఖో జర."

కుడి చేతి మీద జరీ తీగ తాగి నడుస్తోంది. ఎడమ చేతి మీద తీగ పోలీసు పరేడ్ చేస్తోంది.

నీలమ్మ చేతిలోని చాట జారి కింద పడింది. బియ్యం ఇల్లంతా చిందాయి.

"కుడి చెయ్యి లోపలి కమరాలో ముందే అయిపోయింది," అన్నాడు యాకూబ్ భాయ్. "ఎడమది బయటి మగ్గం మీద. కొత్త ఖాకా ఇచ్చిండ్రు, అదే వేసిన. మీ కాగితం అక్కా, నేనెప్పుడన్న చూసి వేసిన్నా? రెండు చేతులు నిన్న ఒక్కచోట పెడితే నా దిమాక్ ఖరాబైంది."

నీలమ్మ మెల్లగా వీణ వైపు తిరిగింది. వీణ కూడా అప్పుడే గోడ వైపు తిరిగింది.

"లోపలి కమరా సూడలేదానే?"

"నువ్వు ఊకె చూడమన్నవ్... లోపలికి పొమ్మనలే..."

నీలమ్మ ఎడమ కన్ను మూసింది. శుక్లం కంటికి రెండు చేతులూ ఒకటే, ఏ తేడా లేదు. కుడి కన్ను మూసింది. ఒక చేతికీ ఇంకో చేతికీ చుట్టరికమే లేదు. మళ్లీ మూసింది, తెరిచింది.

యాకూబ్ భాయ్ ఇబ్బందిగా గడ్డం సవరించుకున్నాడు. "కంట్ల ఏమన్న పడ్డదా అక్కా?"

"లేదు చాచా, నీకు కన్ను కొడుతున్నది," అంది వీణ, ఆ సమయంలో కూడా.

నీలమ్మ ఆ మాట వినలేదు. "యాకూబ్ భాయ్, నా తప్పు. ఆ కుడి చెయ్యి విప్పేయున్రి. అది ఖరాబ్ ఉన్నది."

"కుడిదా?" యాకూబ్ భాయ్ కళ్లు పెద్దవయ్యాయి. "అక్కా, ఖరాబైంది ఎడమది! ఇది మీ చెయ్యే కాదు. సచ్ బోలో, ఎవరితో వేయించిండ్రు? ఇట్లాంటివి కంప్యూటర్ దుకాణంలో ఎన్ని కావాల్నంటే అన్ని వస్తయ్. మూడేండ్ల సంది జనం నా దగ్గరికి వచ్చి ఏమడుగుతున్నరు? గాలికి ఊగే తీగ కావాలి, నీలమ్మ బేల్ కావాలి అనే కద!"

నీలమ్మ కుడి చేతిని మళ్లీ దగ్గరికి లాక్కుని చూసింది. నలభై ఏళ్లలో ముప్ఫై ఏడేళ్లు నిటారుగా పొడిస్తే మామూలుగా తీసుకున్నారు. కనబడక తడుముకుంటే చెయ్యి తిరిగిందన్నారు. తన గుడ్డితనాన్నా వీళ్లు మెచ్చుకున్నది?

"పెండ్లి ఆదివారం," అన్నాడు యాకూబ్ భాయ్. "టైలర్‌కి శుక్రవారం ఇవ్వాలి. గురువారం వాళ్లు చూడటానికి వస్తరు. పాత ఖాకా ఇయ్యిన్రి, ఎడమది మళ్లీ వేస్త. నలుగురిని కూర్చోబెడత."

"కాలబెట్టిన."

"క్యా?"

"కాలబెట్టిన భాయ్. రెండూ."

ఈసారి కూలబడటం యాకూబ్ భాయ్ వంతైంది. కింద బియ్యం మీదనే కూర్చున్నాడు. అక్కడ కూర్చునే, కుడి చేతి కుట్టు మీద కాగితం పరిచి దించుకోవచ్చు కదా అన్నాడు. ప్రయత్నించారు. జరీ తీగలు, పూసలు ఎత్తుగా ఉండటంతో పెన్సిల్ ఎగిరెగిరి పడింది, కాగితం రెండుచోట్ల చిరిగింది. కుడి చేతిని చూస్తూ వంకర ఆకు గీద్దామని నీలమ్మ కూర్చుంది. కొత్త కన్ను ఒప్పుకోలేదు. చెయ్యి దానంతటదే సరిచేసేస్తోంది. శుక్లం కంటితో గీద్దామంటే, ఇంకో కన్ను ఊరుకోక తెరుచుకుంటోంది.

మధ్యాహ్నానికి ఆమె పెన్సిల్ విసిరికొట్టి, ఆపరేషన్ అప్పుడిచ్చిన నల్ల కళ్లద్దాలు పెట్టుకుంది.

"నడు వీణా. స్టేషన్ గోడకాడికి."

"రైలెక్కి పారిపోదామా?"

"ముందు ఆ తీగను చూద్దాం. తర్వాత నువ్వన్నట్టే చేద్దాం."

తిప్పతీగ ఇంకా ఉంది. గోడ దిగి, వేపచెట్టెక్కి, అక్కడి నుంచి కరెంటు స్తంభం దాకా వెళ్లిపోయింది. నీలమ్మ దగ్గరికెళ్లి కళ్లద్దాలు తీసింది. శుక్లం కన్ను మూసి, ఎడమ కంటితో చూసింది.

"యేసయ్యా," అంది, ఈసారి చాలా మెల్లగా.

ఒక్క ఆకు ఇంకో ఆకులా లేదు. ఒకటి బొద్దుగా ఉంది, పక్కది బక్కది. ఒకదాని కొస బరువుకు వాలి ఉంది. ఇంకొకదాని అంచును ఏదో పురుగు గుండ్రంగా కొరికేసింది. కాడ ఒకచోట ఆకుల వెనక్కి పోయి మాయమై, వేలెడు దూరంలో మళ్లీ బయటికి వచ్చింది. పోయిన వారం తాను సిగ్గుతో కాల్చేసిన తప్పులన్నీ ఇక్కడ గోడ నిండా పాకుతున్నాయి.

ఆమె ఒక ఆకు తెంపి, మందు సీసా మూతతో కొలిచింది. ఇంకో ఆకు తెంపింది. ఇంకోటి. పది ఆకులు కొలిచి, ఆ మూతను పట్టాల మీదికి విసిరేసింది.

"నలభై ఏండ్ల సంది దీని పేరు చెప్పుకుని బతికిన. ఒక్కసారన్న దీని మొఖం చూడలే."

"తాత మొఖం కూడా చూడలేదు కదా," అంది వీణ.

"నువ్వు ఆకులు తెంపు. పురుగు కొట్టినవి తెంపు. మంచివి ముట్టకు."

కార్ఖానాకు వెళ్లి, తెచ్చిన ఆకులను కాగితం కింద పెట్టి అంచులు దించింది. యాకూబ్ భాయ్ ఎడమ చేతి మీద తొమ్మిది ఆకుల అంచులు విప్పించాడు. మగ్గం కుట్టు గొలుసులా ఉంటుంది. కొస దొరికితే ఒక్క లాగులో ఊడి వస్తుంది. నీలమ్మ చిన్న చిన్న ముక్క ఖాకాలు పొడిచి ఇచ్చింది: వాలిన కొస ఒకటి, కొరికిన అంచు ఒకటి, మడత పడ్డది ఒకటి. కాడను రెండుచోట్ల తెంపించింది. పనివాళ్లు నలుగురూ ఒకే మగ్గం చుట్టూ మోకాళ్లు ఆనించి కూర్చున్నారు. పెళ్లి బ్లౌజు మీద కావాలని ఆకులు కొరికించే పని వాళ్లెప్పుడూ చేయలేదు.

గురువారం పొద్దునకల్లా ఎడమ తీగ కూడా ఊగింది. కానీ అది కుడి చేతికి జోడీ కాలేదు. ఊగడమైతే రెండూ ఊగుతున్నాయి, ఎవరి దారిన అవి.

విమలాదేవి వచ్చింది. వెంట పెళ్లికూతురు శ్రీహిత. విమలాదేవి ముందుగా రెండు చేతులనూ బోర్లించి వెనక కుట్లు చూసింది. తర్వాత వెల్లకిలా వేసి, పక్కపక్కన పెట్టి, వేలితో ఒక్కో ఆకూ తడుముతూ పోయింది. మూడో ఆకు దగ్గర ఆ వేలు ఆగింది.

"గిదేంది? దీనికున్నది దానికి లేదు. దీని ఆకు కొరికి ఉన్నది! యాకూబ్ భాయ్, నా బిడ్డ పెండ్లికి ఎలుకలు కొట్టిన బ్లౌజు ఇస్తరా?"

యాకూబ్ భాయ్ నీలమ్మ వైపు చూశాడు. పనివాళ్లు సూదులు ఆపారు. చెప్పడానికి అబద్ధాలు సిద్ధంగానే ఉన్నాయి. పనివాళ్ల మీద తోసేయొచ్చు, కొత్త ఫ్యాషన్ అనొచ్చు. నీలమ్మ నల్ల కళ్లద్దాలు తీసింది.

"అమ్మా, పనోళ్ల తప్పు లేదు. నాకు మూడేండ్ల సంది కండ్లు కనబడ్తలేవు. ఎవ్వరికీ చెప్పలే. కుడి చెయ్యి కనబడక వేసిన. తర్వాత ఈ కంటికి ఆపరేషనైంది. ఎడమ చెయ్యి కనబడంగ వేసిన. అందుకే జోడీ కాలే. పట్టుకపోతే పట్టుకపోండ్రి, లేకుంటే లేదు. నా ఖాకాలు ఇంక ఎవ్వరూ తీసుకోరు, నాకు తెలుసు."

యాకూబ్ భాయ్ ఒక అడుగు ముందుకు వేశాడు. "మూడేండ్లు? యా అల్లా! అక్కా, మలక్‌పేట ఆడబిడ్డ..."

"మంచిగనే ఉన్నది."

శ్రీహిత రెండు చేతుల ముక్కలనూ తన రెండు చేతులకు చుట్టుకుని, ఒకటి ముందుకూ ఒకటి వెనక్కూ తిప్పి చూసుకుంటోంది. ఎడమ చేతి మీద కొరికిన ఆకు దగ్గర ఆగింది.

"నిజంగ పురుగు తిన్నట్టే ఉన్నది. ఆ పురుగేది?"

నీలమ్మ తెల్లబోయింది. "పురుగా? తిని పోయింది, బిడ్డా."

"ఒకటి పెట్టవా?"

"పెండ్లి బ్లౌజు మీద పురుగా!" విమలాదేవి గుండె మీద చెయ్యి వేసుకుంది. "మీ అత్తగారు చూస్తే ఏమంటరే?"

"చూస్తరు కదా. ఏమన్న అంటే, చూసినట్టే కదా అమ్మా. మొన్న అక్క పెండ్లిల ఎవరన్న బ్లౌజు చూసిండ్రా? నాకు ఇదే కావాలి. రెండూ ఇట్లనే కావాలి."

నీలమ్మ పూసల డబ్బాలోంచి ఒక చిన్న ఎర్రపూస ఏరి, ఆకు పక్కన పెట్టింది. "ఆరుద్ర పురుగు పెడత. తొలకరికి వస్తది, మంచిదే."

"అది ఆకులు తినదు కదా నానమ్మా," అంది వీణ.

"తిననీకి రాలే. పెండ్లికి వచ్చింది. నువ్వు జర నోరు ముయ్యి."

విమలాదేవి ఆ ఎర్రపూసను వేలితో తట్టి చూసింది. బ్లౌజు చేతులను మళ్లీ ఒకసారి బోర్లించింది, వెల్లకిలా వేసింది. చివరికి వాటిని మడిచి యాకూబ్ భాయ్ ముందు పెట్టి, పూస గట్టిగా కుట్టించమంది. గుమ్మం దాకా వెళ్లి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగింది.

"నీలమ్మా, మా మరదలి బిడ్డకు కూడా సంబంధం కుదిరేటట్టున్నది. దానికి ఏ కంటితో వేస్తవు?"

నీలమ్మ నల్ల కళ్లద్దాలు తిరిగి పెట్టుకుంది.

"కుడి కంటికి ఆపరేషన్ వచ్చే నెల పద్నాలుగున. గంతకు ముందుది కావాల్నా, తర్వాతది కావాల్నా, మీరే ఆలోచించుకోండ్రి. ముందుదైతే జర జల్ది చెప్పాలె."

బేగంబజార్‌లో ఏ వస్తువుకైనా బేరమాడగల విమలాదేవి, ఆ మాటకు గుమ్మంలోనే నిలబడి, పద్నాలుగో తారీఖుకు ఇంకా ఎన్ని రోజులున్నాయో వేళ్ల మీద లెక్కపెట్టసాగింది.